పపెట్ మాస్టర్: అయిదో భాగం తర్వాత చూడొచ్చా, ఆపేయాలా?

అర్ధరాత్రి_ఆట
ప్రాణం వచ్చిన బొమ్మలు మనుషుల్ని చంపే హారర్ సినిమాలు, పపెట్ మాస్టర్ సిరీస్‌లో మొదటి అయిదు భాగాలూ పూర్తి చేశాను. 1989లో వచ్చిన మొదటిది కాస్త సాగింది. హోటల్లో మనుషులు తిరుగుతారు, మాట్లాడతారు, బొమ్మలేమో ఎప్పుడో గాని రావు. మూడోది, అదే టూలాన్స్ రివెంజ్, మాత్రం అదరగొట్టింది. బెర్లిన్, నాజీలు, చచ్చిపోయిన స్నేహితుల ప్రాణాలు బొమ్మల్లో పెట్టి పగ తీర్చుకునే ముసలాయన టూలాన్. ఇంత చౌక సినిమాలో ఏడుపొస్తుందని ఎవరనుకుంటారు?

అయిదోదానికి పేరే ద ఫైనల్ చాప్టర్. 1994లోనే ఫైనల్ అనేశారు కదా, మరి తర్వాత ఇన్ని ఎలా వచ్చాయి? వరుసగా చూసేయాలా, ఏరుకుని చూడాలా, మర్యాదగా ఇక్కడితో ఆపేయాలా? స్పాయిలర్లు చెప్పినా పర్వాలేదు, కథ కోసం చూడట్లేదు.

క్యాసెట్_కాంతం
ఆపెయ్ తమ్ముడూ. మాట విను.

ఆరోది కర్స్ ఆఫ్ ద పపెట్ మాస్టర్, 1998. దర్శకత్వం విక్టోరియా స్లోన్ అని పడుతుంది. ఆవిడెవరో కాదు, నీకు నచ్చిన ఆ మూడో భాగం తీసిన డేవిడ్ డికోటోయే. సొంత పేరు వేసుకోని సినిమాని మనమెందుకు నెత్తిన పెట్టుకోవాలి చెప్పు. బొమ్మలు నడిచే షాట్లు చాలావరకు పాత భాగాల్లోంచి కోసుకొచ్చి అతికించినవే. డాక్టర్ మాగ్రూ ఇంట్లో ఒక మనిషి తలుపు వైపు చూస్తాడు, వెంటనే బ్లేడ్, అదే చేతికి కత్తి ఉన్న బొమ్మ, నడుస్తున్న షాట్ పడుతుంది, ఆ షాట్‌లో వెలుతురు వేరు, నేల వేరు. ఇల్లు మారిపోయినా ఎవరికీ పట్టదు!

ఇంకోటి. రెండో భాగంలో ఆ రైతు ఇంట్లో లీచ్ ఉమన్, ఆ జలగలు కక్కే బొమ్మ, మంటల్లో కాలిపోతుంది కదా. ఇందులో హాయిగా తిరుగుతూ ఉంటుంది. ఎలా బతికిందో ఒక్క డైలాగ్ కూడా లేదు.

పిన్‌హెడ్_ఫ్యాన్
అక్కా, మూడో భాగం ప్రీక్వెల్, అంటే ముందు జరిగిన కథ కాబట్టి అందులో ఉంటే తప్పులేదు గానీ కర్స్‌లో ఉండటం మాత్రం దారుణమే 😂

అయినా క్లైమాక్స్ గురించి చెప్పలేదేంటి. ట్యాంక్ అని పిలిచే కుర్రాణ్ని ఆ డాక్టర్ బొమ్మగా మార్చేస్తాడు. ఆ ఇనప బొమ్మ లేచి డాక్టర్‌ని కాలుస్తుంది, ఆయన అరుస్తాడు, అంతే, పేర్లు పడిపోతాయి. కూతురి సంగతి, మిగతా బొమ్మల సంగతి ఏమీ తేలదు. రీలు అయిపోయిందేమో అనిపిస్తుంది.

టెక్సాస్_తాతయ్య
అన్నీ కొట్టిపారేయకండి. ఎందుకు ఇన్ని వచ్చాయన్న ప్రశ్నకు ముందు సమాధానం చెప్తాను.

చార్లెస్ బ్యాండ్ అనే నిర్మాతకు 80లలో ఎంపైర్ పిక్చర్స్ అని కంపెనీ ఉండేది. అది మునిగాక ఫుల్ మూన్ పెట్టాడు. దాని మొదటి సినిమానే పపెట్ మాస్టర్. థియేటర్‌కి వెళ్దామనుకుని మానేసి 1989 అక్టోబర్‌లో నేరుగా వీడియో క్యాసెట్‌గా వదిలారు. పంపిణీ పారమౌంట్ వాళ్ల వీడియో విభాగం. అంటే పెద్ద స్టూడియో గొట్టంలోంచి చిన్న సినిమా ప్రతి వీడియో షాపుకీ వెళ్లిపోయింది. ఆ రోజుల్లో ఫుల్ మూన్ క్యాసెట్‌లో సినిమా అయ్యాక వీడియోజోన్ అని ఒక చిన్న కార్యక్రమం వచ్చేది. బొమ్మలు ఎలా చేశారు, ఎవరు ఆడిస్తున్నారు, తర్వాత ఏ సినిమా వస్తోంది, అన్నీ చూపించేవాళ్లు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో పాత క్యాసెట్లు చవగ్గా అమ్మేసే షాపుల్లో వెతుక్కుని కొన్నది సగం దానికోసమే. సినిమా చూసి తీసిపెట్టేయడం కాదు, ఆ కంపెనీకే అభిమానులైపోయేవాళ్లు జనం.

పారమౌంట్‌తో పొత్తు చెడ్డాక డబ్బు పోయింది. పేరు, బొమ్మలు మాత్రం మిగిలాయి. పపెట్ మాస్టర్ అని అట్ట మీద రాస్తే కొనేవాళ్లు ఉన్నారు, బొమ్మల నకళ్లు అమ్మితే కొనేవాళ్లూ ఉన్నారు. ఫైనల్ చాప్టర్ ఎలా ఫైనల్ అవుతుంది నాయనా?

స్టాప్‌మోషన్_శాస్త్రి
తాతయ్య గారు డబ్బు గురించి చెప్పింది నిజమే గానీ, అసలు నష్టం వేరే చోట జరిగిందని నా అభిప్రాయం. నేను యానిమేషన్‌లో పని చేస్తాను కాబట్టి కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మొదటి అయిదింటిలో బొమ్మల వెనక ఉన్న మనిషి డేవిడ్ అలెన్. రెండో భాగానికి దర్శకుడూ ఆయనే. ఆయన బృందం ఒకే బొమ్మకు రకరకాల పద్ధతులు వాడేది. దగ్గర షాట్‌లో తీగలతో, కడ్డీలతో ఆడించే బొమ్మ. పిన్‌హెడ్ అనే చిన్న తల బొమ్మ పెద్ద చేతులు కనిపించే షాట్లలో నిజమైన మనిషి చేతులు. పూర్తి శరీరం కనిపిస్తూ నడిచే చోట స్టాప్ మోషన్. అంటే బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫోటో, మళ్లీ కదిపి ఇంకో ఫోటో. తెర మీద ఒక సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో పొజిషన్‌కి రెండేసి ఫ్రేములు తీసినా 12 సార్లు కదపాలి.

ఇప్పుడు రెండో భాగంలో బ్లేడ్ పరిగెత్తే షాట్లు చూడండి. కోటు అంచు ఊగుతుంది, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారుతుంది. మొహం చెక్క ముక్కే, కళ్లు కదలవు, అయినా వాడికి తొందర ఉందని మనకు తెలుస్తుంది. నటన అంటే అదే.

అయిదో భాగం తర్వాత ఆ పని దాదాపు ఆగిపోయింది. అలెన్ 1999లో పోయారు. తర్వాతి సినిమాల్లో బొమ్మను నడుం కింద ఫ్రేము కోసేసి, వెనకనుంచి ఎవరో పట్టుకుని ఊపుతారు. లేదంటే బొమ్మ తల ఇటు తిరుగుతుంది, కట్, మనిషి అరుస్తాడు, కట్, రక్తం. బొమ్మ గదిలో ఇక్కణ్నుంచి అక్కడికి ఎలా వెళ్లిందో చూపించరు. నడవని బొమ్మ అంటే భయమూ వేయదు, ప్రేమా పుట్టదు. చౌకగా తీశారన్నది నా ఫిర్యాదు కాదు. మొదటివి కూడా చౌకే. ఉన్న కాస్త డబ్బు ఎక్కడ పెట్టాలో అప్పుడు తెలుసు.

అర్ధరాత్రి_ఆట
శాస్త్రి గారూ, ఇది చదివి రెండో భాగం మళ్లీ పెట్టుకున్నాను. కోటు అంచు నిజమే!

అనంత_కేతిగాడు
శాస్త్రి అన్న చెప్పిన దాంట్లో సగం ఒప్పుకుంటా. స్టాప్ మోషన్ లేకపోతే బొమ్మ చచ్చినట్టే అంటే మాత్రం కుదరదు. మాది అనంతపురం వైపు. నిమ్మలకుంట వాళ్ల తోలుబొమ్మలాట చిన్నప్పటి నుంచి చూశా. తోలుబొమ్మ మొహం కూడా మారదు. తెరకు అతుక్కుని కీళ్ల దగ్గర మాత్రమే కదుల్తుంది. అయినా బంగారక్క నడుం తిప్పి కేతిగాణ్ని తిడితే పిల్లా జెల్లా పడీ పడీ నవ్వుతారు. కడ్డీ పట్టుకున్నవాడికి పని తెలిసుండాల, గొంతు ఉండాల. ఈ సినిమాల్లో పోయింది టెక్నిక్ కాదు, ఆడించేవాడికి టైమే ఇయ్యకపోవడం. ఒక రోజులో ఇన్ని షాట్లు లాగెయ్యాల అంటే ఎవుడైనా ఊపి వదిలేస్తాడు.

స్టాప్‌మోషన్_శాస్త్రి
ఒప్పుకోను, కానీ బాగా చెప్పారు. తోలుబొమ్మకు తెర ఉంది, దీపం ఉంది, పాట ఉంది. అక్కడ ఆట మొత్తం బొమ్మదే. ఈ సినిమాల్లో బొమ్మ పక్కనే రక్తమాంసాల మనిషి నిలబడి ఉంటాడు. వాడితో పోటీ పడాలంటే పాదాలు నేల మీద ఆనాలి.

పిన్‌హెడ్_ఫ్యాన్
సరే గానీ రెట్రో పపెట్ మాస్టర్‌ని ఎవరూ పట్టించుకోరేంటి. 1999. నాకు ఇష్టం. కొట్టండి.

కథ 1902 పారిస్. కుర్ర టూలాన్ చిన్న బొమ్మల థియేటర్ నడుపుతుంటాడు. ఆఫ్జెల్ అనే ఈజిప్టు మాంత్రికుడు ప్రాణం పోసే రహస్యం నేర్పుతాడు, దాన్ని వెనక్కి తీసుకోడానికి సుటెఖ్ పంపిన ముగ్గురు నల్లకోట్లవాళ్లు వెంటపడతారు. సుటెఖ్ అంటే 4, 5 భాగాల్లో మీరు చూసిన ఆ దెయ్యపు దేవుడే. రొమేనియాలో తీశారు కాబట్టి పాత వీధులు ఊరికే దొరికాయి, చౌక సినిమాలా కనిపించదు. బొమ్మలు కూడా ముడి చెక్కతో చేసిన పాత మోడల్స్, చూడ్డానికి భలే ఉంటాయి.

కుర్ర టూలాన్ ఎవరో తెలుసా? గ్రెగ్ సెస్టెరో. 2003లో వచ్చిన ద రూమ్‌లో మార్క్. "ఓ హాయ్ మార్క్" అంటే గుర్తొచ్చేవాడు. ఫ్రెంచ్ యాస కోసం ఆయన పడే అవస్థ చూడ్డానికే టికెట్ కొనొచ్చు.

క్యాసెట్_కాంతం
రెట్రోలో రక్తం చుక్క కూడా రాలదు కదమ్మా. పీజీ 13 రేటింగ్. చంపే బొమ్మల సినిమాలో చంపడమే లేకపోతే మిగిలేది పారిస్ ప్రేమకథ. అదీ కాక మూడో భాగంలో టూలాన్ భార్య ఎల్సా, ఇందులో అమ్మాయి ఇల్సా. ఆయన పెళ్లి చేసుకున్న ఆవిడ పేరు కూడా సరిచూసుకోలేదా?

కానీ ఒకటి మాత్రం ఒప్పుకుంటా. మొదట్లోనూ చివర్లోనూ గై రోల్ఫ్ వచ్చి కథ చెప్తాడు. మూడో భాగం నుంచి టూలాన్ అంటే నాకు ఆయనే. ఆయన చేసిన చివరి సినిమా ఇదే. అప్పటికి చాలా పెద్దవాడు, కుర్చీలో కూర్చుని బొమ్మల వైపు చూసి మాట్లాడుతుంటే ఆ చూపులో ఎక్కడా వెటకారం ఉండదు. ఎదురుగా మనుమలు కూర్చున్నట్టే చెప్తాడు. అది చాలా పెద్ద నటుడు చేసే పని.

మోడరేటర్
ఇన్‌బాక్స్‌లో డౌన్‌లోడ్ లింకులు అడిగేవాళ్లకి, పంపేవాళ్లకి ఇదే హెచ్చరిక. ఫుల్ మూన్ వాళ్ల సొంత స్ట్రీమింగ్ ఉంది, డిస్కులు ఉన్నాయి. లింకులు పెడితే ఈ చర్చ మూసేస్తాం.

టెక్సాస్_తాతయ్య
2003లో వచ్చిన ద లెగసీ గురించి రెండు ముక్కలు. ఎక్కువ శాతం పాత సినిమాల క్లిప్పులే, వాటిని కలపడానికి ఒక నేలమాళిగ, ఇద్దరు మనుషులు. ఒక ముసలాయన్ని తుపాకీ పెట్టి ప్రశ్నిస్తుంది ఒకామె, ఆయన ఫ్లాష్‌బ్యాక్ చెప్తూ ఉంటాడు. ఆ ముసలాయన మూడో భాగంలో టూలాన్ కాపాడిన చిన్న పిల్లాడు పీటర్ అన్నమాట. అయిదూ చూసినవాడికి అందులో కొత్తగా ఏమీ లేదు.

అయితే ఒక ఆలోచన మాత్రం బాగుంటుంది. చెక్కలో ఇరుక్కుపోయిన ఆ ప్రాణాలకు విముక్తి కావాలి, చావాలని ఉంది, ఎవరూ చావనివ్వట్లేదు అని చెప్తారు. దాని మీదే ఒక సినిమా తీసుంటే ఎంత బాగుండేది! చివర్లో పడేసి వెళ్లిపోయారు.

రాజోలు_రీలు
2004లో డీమానిక్ టాయ్స్‌తో, అంటే ఇంకో దెయ్యపు బొమ్మల సినిమాతో, పోటీ పెట్టినదాన్ని మరచిపోయారు. సై ఫై ఛానల్ కోసం తీసిన టీవీ సినిమా, క్రిస్మస్ కథ. కోరీ ఫెల్డ్‌మన్ టూలాన్ వంశంవాడిగా చేశాడు. అప్పటికి ఆయనకు 33 ఏళ్లు. గొంతు గరగరమనిపించి ముసలి సైంటిస్టులా మాట్లాడతాడు, ఎందుకో దేవుడికే తెలియాలి. ఫుల్ మూన్ వాళ్లే దీన్ని అసలు కథలో కలపరు. స్నేహితులు నలుగురుంటే నవ్వుకోడానికి పెట్టుకోండి, ఒంటరిగా వద్దు.

అర్ధరాత్రి_ఆట
మరి యాక్సిస్ అని మూడున్నాయి కదా? మూడో భాగం లాగే నాజీలంటున్నారు, వాటి మీద ఆశ పెట్టుకోవచ్చా?

క్యాసెట్_కాంతం
ఆశ పెట్టుకుని నేనూ చూశాను.

2010లో యాక్సిస్ ఆఫ్ ఈవిల్, మళ్లీ డికోటో, ఈసారి సొంత పేరుతో. 2012లో యాక్సిస్ రైజింగ్, 2017లో యాక్సిస్ టెర్మినేషన్, ఈ రెండూ చార్లెస్ బ్యాండ్ స్వయంగా తీశాడు. మొదటిది చైనాలో తీశారు. కథ 1939 అమెరికా. టూలాన్ హోటల్లో చనిపోయాక డానీ అనే కుర్రాడికి బొమ్మలు దొరుకుతాయి, వాటితో నాజీ, జపాన్ గూఢచారుల మీదకు వెళ్తాడు. వినడానికి బాగుంది కదూ? సినిమాలో సగం భాగం డానీ గదిలో కూర్చుని వాళ్ల అమ్మతో, అన్నతో మాట్లాడటం. బొమ్మలు సంచిలో ఉంటాయి.

రెండోదాంట్లో నాజీల వైపూ బొమ్మలు పెట్టారు. ఛాతీలోంచి మెషిన్ గన్లు వచ్చే బాంబ్‌షెల్, తోడేలు మొహం వేర్‌మాఖ్ట్, ట్యాంకు ఆకారంలో బ్లిట్జ్‌క్రీగ్, ఎత్తు పళ్లు పెట్టి గీసిన జపాన్ కమికాజీ. ఆ చివరిది చూస్తే 1940ల ప్రచార పోస్టర్ల ఎగతాళిని 2012లో అలాగే దింపేశారనిపిస్తుంది. నాకు నచ్చలేదు, దాచుకోను.

పిన్‌హెడ్_ఫ్యాన్
టైమ్‌లైన్ గొడవ కూడా చెప్పక్కా! మొదటి సినిమాలో టూలాన్ 1939లో కాలిఫోర్నియాలో తుపాకీతో కాల్చుకుంటాడు. మూడో భాగంలో 1941లో బెర్లిన్‌లో నిక్షేపంగా ఉంటాడు. అభిమానులు దశాబ్దాలుగా దాన్ని ఎలాగో సర్దుకుంటుంటే, యాక్సిస్ సినిమా వచ్చి మళ్లీ 1939 అని రాసింది. అంటే అందరికీ నచ్చిన మూడో భాగమే గాల్లో తేలిపోయింది.

రాజోలు_రీలు
తేదీలు చూసుకుని ఈ సిరీస్ చూసేవాడు ఆనందంగా ఉండలేడు బాబూ. మన పాత జానపదాల్లో రాజుగారి వంశం లెక్కేస్తామా?

స్టాప్‌మోషన్_శాస్త్రి
అసలు చర్చ 2018 దగ్గర మొదలవ్వాలి. ద లిటిలెస్ట్ రైఖ్. స్వీడన్ దర్శకులు సోనీ లగునా, టామీ విక్లుండ్. రచన ఎస్. క్రెయిగ్ జాలర్. ఫుల్ మూన్ బయటివాళ్లు తీశారు, బ్యాండ్ తన సిరీస్ తను నడుపుకుంటూనే వీళ్లకు వేరే దారి ఇచ్చాడు. కథ పూర్తిగా కొత్తది. టూలాన్ ఇక్కడ మంచి తాత కాదు, పక్కా నాజీ. పాత్ర ఊడో కీర్ చేశాడు. ఆయన చేసిన హత్యలకు 30 ఏళ్లయిన సందర్భంగా టెక్సాస్‌లో ఒక హోటల్లో ఆ బొమ్మల వేలం పెడతారు. కొన్నవాళ్లు, అమ్మేవాళ్లు తలా ఒక బొమ్మ తెచ్చుకుంటారు. ఆ రాత్రి బొమ్మలు లేచి యూదుల్ని, నల్లజాతివాళ్లని, స్వలింగ సంపర్కుల్ని ఏరి ఏరి చంపుతాయి.

బొమ్మల కదలిక గొప్పగా లేదు, అది ముందే చెప్తున్నా. కానీ దెబ్బలు మాత్రం బొమ్మ ఎత్తుకు తగ్గట్టు ఆలోచించారు. ఒకడు బాత్రూమ్‌లో నిలబడి పోసుకుంటుంటాడు, తల తెగి నేరుగా ఆ కమోడ్‌లో పడుతుంది, శరీరం ఇంకా నిలబడే ఉంటుంది, పని ఆపదు. అసహ్యం, నవ్వు రెండూ ఒకేసారి వస్తాయి. సంగీతం ఇటలీ హారర్ సినిమాల ఫాబియో ఫ్రిజీ.

క్యాసెట్_కాంతం
శాస్త్రి గారూ, అక్కడే నాకు మండుతుంది. మూడో భాగంలో ఆ బొమ్మలెవరు? నాజీలు చంపిన మనుషులు. లీచ్ ఉమన్ ఎవరు? వాళ్లు కాల్చేసిన ఆయన భార్య. ఆ బొమ్మల్నే తెచ్చి నాజీల ఆయుధాలుగా చేసి, అదే వర్గాల మనుషుల్ని చంపిస్తే అది ధైర్యమా? నిండు గర్భిణిని కూడా వదల్లేదు. అక్కడ రిమోట్ తీసుకుని ఆపేశాను.

స్టాప్‌మోషన్_శాస్త్రి
మీ కోపం న్యాయమే. అయితే మొదటి రెండు సినిమాల్లో ఈ బొమ్మలు అమాయకుల్ని చంపినవే కదా. రెండో భాగంలో మనిషి మెదడు ముక్కల కోసం తిరిగాయి. మూడో భాగం వచ్చి వాటిని వీరుల్ని చేసింది, తర్వాతి ఇరవై ఏళ్లు ఆ మంచితనాన్నే అరగదీశారు. బొమ్మలు మనవాళ్లు అని తెలిశాక భయం ఎక్కణ్నుంచి వస్తుంది? ఈ సినిమా మళ్లీ భయపెట్టింది. అసహ్యం కలిగించిందంటే అది కూడా ఒప్పుకుంటాను.

అనంత_కేతిగాడు
నేను అక్క వైపు. భయం కావాలంటే కొత్త బొమ్మలు చేసుకోవచ్చు కదన్నా. పాత పేరుతో పోస్టర్ అమ్ముకోవాల, పాత కథను మాత్రం తొక్కెయ్యాల అంటే ఎట్లా?

టెక్సాస్_తాతయ్య
దాని మీద ఈ ఊళ్లోనే మిత్రులు రెండు వర్గాలయ్యారు, ఇక్కడ తేలదు. 2020లో ఫుల్ మూన్ వాళ్లు బ్లేడ్‌కి సొంత సినిమా ఇచ్చారు, ద ఐరన్ క్రాస్, పాత వరసలోనే నాజీల మీద పోరాటం. 2022లో డాక్టర్ డెత్, వృద్ధాశ్రమంలో. రెట్రోలోని ఆ పుర్రె బొమ్మదే కథ. గంట లోపలే అయిపోతుంది, అదే దాని సుగుణం.

అర్ధరాత్రి_ఆట
అయితే నా లిస్టు ఇదీ: గై రోల్ఫ్ కోసం రెట్రో, డాక్టర్ డెత్ నిడివి తక్కువ కాబట్టి, తర్వాత లిటిలెస్ట్ రైఖ్. కర్స్, లెగసీ, యాక్సిస్ మూడూ వదిలేస్తున్నా. ఫెల్డ్‌మన్ సినిమా డిసెంబర్‌లో రూమ్మేట్లు ఉన్నప్పుడు. కాంతం అక్కా, ఆ గర్భిణి సీన్ ఎప్పుడొస్తుందో ముందే చెప్తే దాటేస్తా.

క్యాసెట్_కాంతం
గదుల్లో బొమ్మలు వరసగా లేవడం మొదలయ్యాక వస్తుంది. కడుపుతో ఉన్నావిడ మంచం మీద కనిపించగానే ముందుకు తోసెయ్, డైలాగులేమీ పోవు.

పిన్‌హెడ్_ఫ్యాన్
లిటిలెస్ట్ రైఖ్ ఆఖర్న టు బి కంటిన్యూడ్ అని పడుతుంది. నమ్మి కూర్చోకు బ్రో, 2018 నుంచి మేమంతా కూర్చునే ఉన్నాం.